ఆఖరి బస్సు లెక్కలోకి రాదు

అమ్మానాన్నలకి హవాయి దీవులు చూపిద్దామని నేను తయారుచేసిన షీట్‌లో పదకొండు ట్యాబ్‌లున్నాయి. పోర్ట్‌కొకటి, ఖర్చుకొకటి, మందులకొకటి. ఆలస్యం అయితే ఎర్రగా మారే గడులు కూడా పెట్టా. తెనాలి నుంచి వీడియో కాల్‌లో నాన్న అదంతా ఓపిగ్గా చూశారు. ఆయన ఆర్టీసీలో ముప్పై ఏళ్లు చేసి రిటైరయ్యారు, చివర్లో బస్టాండ్‌లో కంట్రోలర్. అంతా చూశాక ఒక్కటే అడిగారు.

"బాగుంది గానీ అమ్మాయ్, బస్సు రాకపోతే ఏం చేస్తామో ఇందులో ఎక్కడ రాశావ్?"

"అక్కడ బస్సులు కాదు నాన్నా, కారు అద్దెకి తీసుకుంటాం."

ఆయన నవ్వి ఊరుకున్నారు. ఆ నవ్వుకి అర్థం నాకు హిలోలో తెలిసింది. అక్కడికి వస్తా. ముందు అసలు హవాయే ఎందుకో చెప్పాలి, ఎందుకంటే ఇది చదివేవాళ్లలో సగం మందికి పనికొచ్చే సంగతి అదే.

స్టాంపింగ్ లేనివాళ్ల దీవులు

నేను డాలస్‌లో హెచ్-1బి మీద పనిచేస్తున్నా. పాస్‌పోర్ట్‌లో వీసా స్టాంప్ ఎప్పుడో ఎక్స్‌పైర్ అయింది. ఇక్కడ ఉండడానికి ఇబ్బంది లేదు గానీ, దేశం దాటితే తిరిగి రావడానికి కొత్త స్టాంప్ కావాలి. కెనడా, మెక్సికోలకి చిన్న ట్రిప్ అయితే కొన్ని షరతులతో మినహాయింపు ఉంది. బహామాస్, జమైకా లాంటి కరీబియన్ దీవులకి హెచ్-1బి వాళ్లకి అది వర్తించదు. ఫ్లోరిడా నుంచి చవగ్గా దొరికే క్రూజ్‌లు చూసి "వీకెండ్‌కి వెళ్లొద్దాం" అని బుక్ చేసేముందు ఈ ఒక్క విషయం మీ కంపెనీ అటార్నీని అడగండి.

హవాయి అమెరికాలోనే ఉంది కదా, మరి అక్కడికి ఏ ఓడైనా పర్లేదా? ఇక్కడ ఇంకో మెలిక. 1886లో చేసిన ఒక చట్టం ప్రకారం విదేశీ జెండా ఉన్న ఓడ ప్రయాణికుల్ని ఒక అమెరికా పోర్ట్ నుంచి ఇంకో అమెరికా పోర్ట్‌కి ఊరికే చేరవేయకూడదు. అందుకే కాలిఫోర్నియా నుంచి హవాయి వెళ్లొచ్చే చాలా ఓడలు మధ్యలో మెక్సికోలోని ఎన్సెనాడాలో ఒకసారి ఆగుతాయి. అంటే మీరు దేశం దాటినట్టే. ప్రైడ్ ఆఫ్ అమెరికా అనే ఓడ ఒకటి మాత్రం అమెరికా జెండా మీదే నడుస్తుంది. హోనలూలూలో ఎక్కితే ఏడు రోజులు దీవులన్నీ తిరిగి మళ్లీ హోనలూలూలోనే దించుతుంది. విదేశీ పోర్ట్ ఒక్కటీ లేదు. మేం ఎక్కింది అదే.

పది గంటలంటే పది గంటలు కాదు

మేం వెళ్లిన వారం టైమ్‌టేబుల్ ఇది. శనివారం సాయంత్రం హోనలూలూలో బయల్దేరడం. ఆది, సోమ మావీ దీవిలో కహులుయి. మంగళవారం బిగ్ ఐలాండ్‌లో హిలో, బుధవారం అదే దీవికి అవతలి వైపు కోనా. గురువారం ఉదయం 10 నుంచి శుక్రవారం మధ్యాహ్నం 2 దాకా కవాయి దీవిలో నావిలివిలి. శనివారం పొద్దున్నే మళ్లీ హోనలూలూ.

హిలోలో ఓడ ఉదయం 8కి ఆగి సాయంత్రం 6కి కదుల్తుంది. చూడగానే పది గంటలు ఉన్నాయనిపిస్తుంది. లెక్క వేసి చూద్దాం. అందరూ ఒకేసారి దిగడానికి చూస్తారు కాబట్టి గేటు బయటికి వచ్చేసరికి 8:30. కారు అద్దెకిచ్చే ఆఫీసులు ఎయిర్‌పోర్ట్‌లో ఉంటాయి. దూరం అయిదు కిలోమీటర్ల లోపే గానీ, షటిల్ కోసం ఆగాలి, కౌంటర్ దగ్గర లైన్‌లో నిలబడాలి. తాళాలు చేతికొచ్చేసరికి 9:45. సాయంత్రం 6కి ఓడ కదిలినా, 5:30కల్లా అందరూ లోపల ఉండాలని మా ఓడలో చెప్పారు. పెట్రోల్ నింపి, కారు అప్పగించి, షటిల్ ఎక్కి రావడానికి గంట వేసుకుంటే 4:30కి ఎయిర్‌పోర్ట్‌లో ఉండాలి. పది గంటలు కాస్తా ఆరుం ముప్పావు అయ్యాయి. ఇంకా రోడ్డు మీద పట్టే టైమ్ తియ్యలేదు.

ఈ తీసివేత ప్రతి పోర్ట్‌కీ చేసుకోండి. ఆ తర్వాతే చూడాల్సినవి రాయండి. చాలామంది, నాతో సహా, చూడాల్సినవి ముందు రాసి టైమ్‌ని తర్వాత సర్దుతారు.

మావీ: వద్దనుకున్నది కూడా ప్లానే

మావీలో అందరూ చెప్పేది హలేయాకలా శిఖరం మీద సూర్యోదయం. ఎత్తు 10,023 అడుగులు. సూర్యోదయం టైమ్‌లో కారులో పైకి వెళ్లాలంటే ముందే ఆన్‌లైన్‌లో రిజర్వేషన్ చేసుకోవాలి. ఓడ రాత్రి కూడా అక్కడే ఉంటుంది కాబట్టి సోమవారం తెల్లవారుజామున వెళ్లిరావచ్చు. కుర్రాళ్లైతే తప్పకుండా వెళ్లండి.

అమ్మకి బీపీ ఉంది, మోకాళ్ల నొప్పి ఉంది. సముద్ర మట్టం నుంచి రెండు గంటల్లో పది వేల అడుగులకి తీసుకెళ్లడం వద్దని డాక్టర్ అన్నారు. తీసేశాం. దానికి బదులు పోర్ట్ నుంచి పావుగంట దూరంలో ఉన్న ఈయావ్ లోయకి వెళ్లాం. హవాయి వాసులు కాని వాళ్లు దీనికీ ముందే బుక్ చేసుకోవాలి. తీసుకెళ్లిన టాక్సీ ఆయన్నే గంటన్నర తర్వాత రమ్మని మాట్లాడుకున్నాం. పచ్చటి లోయ, మధ్యలో సూదిలా నిలబడ్డ కొండ, కింద వాగు. అమ్మ కాసేపు చూసి, "అచ్చం అరకులా ఉందే" అంది. అన్ని వేల కిలోమీటర్లు తీసుకొస్తే అరకు అంటుందేంటి అని ముందు మనసు చివుక్కుమంది. తర్వాత గుర్తొచ్చింది, అమ్మకి అరకు కంటే పెద్ద మెచ్చుకోలు లేదు.

ఇంకో మాట. పాత వీడియోలు చూసి ప్లాన్ వేసేవాళ్లు తేదీ చూసుకోండి. మావీలో లహైనా ఊరి వీధులు తప్పక చూడమని చెప్పే వీడియోలు ఇంకా బోలెడు తిరుగుతున్నాయి. 2023 ఆగస్టులో వచ్చిన మంటల్లో ఆ ఊరు చాలావరకు కాలిపోయింది.

హిలో: నా తప్పు

మంగళవారం మూడింటికల్లా తిరిగొచ్చేలా నా ప్లాన్. హిలో నుంచి వోల్కనోస్ నేషనల్ పార్క్ సుమారు 48 కిలోమీటర్లు, ముప్పావుగంట డ్రైవ్. కారుకి 30 డాలర్ల టికెట్. కిలవేయా అగ్నిపర్వతం నోరు ఎంత పెద్దదో ఫొటోల్లో తెలీదు. అంచున నిలబడి చూస్తుంటే నేల పగుళ్లలోంచి ఆవిరి వస్తోంది. నాన్న అరచెయ్యి ఆ ఆవిరి మీద పెట్టి, "ఇంజిన్ వేడెక్కినట్టుంది" అన్నారు. చాలా ఏళ్ల తర్వాత ఆయన ముఖంలో చిన్నపిల్లాడి నవ్వు చూశా.

అక్కడితో ఆపి ఉంటే ఈ కాలమ్‌కి విషయం ఉండేది కాదు.

పార్క్‌లోంచి సముద్రం దాకా చెయిన్ ఆఫ్ క్రేటర్స్ అనే రోడ్డు ఉంది. దాదాపు 30 కిలోమీటర్లు, 3,700 అడుగుల కిందికి దిగుతుంది. దారిలో గడ్డకట్టిన లావా, చివర సముద్రం మీద రాతి వంపు. మధ్యలో పెట్రోల్ బంక్ లేదు, తిండి దొరకదు. నా షీట్‌లో అది "టైమ్ ఉంటే" అనే గడిలో ఉంది. నాన్న నవ్వు చూసి నాకు హుషారొచ్చింది. "వెళ్దాం, ఇంకోసారి రాలేం కదా" అన్నా.

"తిరిగి ఎన్నింటికి చేరతాం?"

"నాలుగున్నరకి ఎయిర్‌పోర్ట్‌లో ఉంటాం నాన్నా."

"ఎన్నింటికి ఉండాలి?"

"నాలుగున్నరకే."

"అంటే ఆఖరి బస్సు అన్నమాట" అన్నారు. ఇంకేం అనలేదు.

వెనక్కి వచ్చేటప్పుడు అమ్మకి బాత్‌రూమ్ కోసం ఒకసారి ఆగాం. తర్వాత వాన మొదలైంది. ఊరు దగ్గరపడ్డాక ముందెక్కడో యాక్సిడెంట్ అయినట్టుంది, బళ్లన్నీ బారులు తీరి నిలబడిపోయాయి. పెట్రోల్ నింపి ఎయిర్‌పోర్ట్‌లో కారు అప్పగించేసరికి టైమ్ 5 దాటి అయిదు నిమిషాలు. ఓడ దగ్గరికి వెళ్లే షటిల్ అప్పుడే వెళ్లిపోయిందన్నారు. ఫోన్‌లో క్యాబ్ యాప్ తెరిస్తే చక్రం తిరుగుతూనే ఉంది, ఒక్క కారూ దొరకలేదు.

అప్పుడు నా బుర్రలో నడిచినవి చెప్తా. నాన్న బీపీ మాత్రలు, అమ్మ థైరాయిడ్ మాత్రలు ఓడలో. ఇద్దరి పాస్‌పోర్ట్‌లూ కేబిన్‌లో ఉన్న లాకర్‌లో. "పోతే కష్టం" అని నేనే లోపల పెట్టించా. నా దగ్గర డ్రైవింగ్ లైసెన్స్ ఉంది. వాళ్ల దగ్గర మేం ఎవరం అని చెప్పుకోవడానికి ఓడ కార్డు తప్ప ఇంకో కాగితం లేదు. అమ్మ పక్కన కుర్చీలో కూర్చుని కళ్లు మూసుకుని గోవింద నామాలు చదువుకుంటోంది. పెదాలు వణుకుతున్నాయి.

నాన్న మాత్రం లోపల కూర్చోలేదు. బయటికి నడిచి, టాక్సీలు ఆగే చోటికి వెళ్లి, బ్యాగులు దించుకుంటున్న ఒక పెద్దాయనతో తనకొచ్చిన నాలుగు ఇంగ్లిష్ ముక్కల్లో మాట్లాడారు. "షిప్. ఫైవ్ థర్టీ. మై వైఫ్, లెగ్ పెయిన్." ఆయన వెంటనే డోర్ తీశాడు. నేను యాప్‌లో వెతుకుతున్నంతసేపూ ఆ టాక్సీ నాకు ముప్పై అడుగుల దూరంలోనే ఉంది.

5:23కి గేటు దాటాం. మా వెనకాల ఇంకా ఇద్దరు పరిగెత్తుకొస్తున్నారు.

చెప్పని ప్లాన్-బి

ఆ రాత్రి భోజనాల దగ్గర నేను, "ఒకవేళ ఓడ వెళ్లిపోయినా ఫర్వాలేదు, రేపటి పోర్ట్ ఇదే దీవిలో ఉంది. హిలో నుంచి కోనాకి రోడ్డు మీద రెండు గంటలే. పొద్దున్నే వెళ్లి ఎక్కేసేవాళ్లం" అన్నా. నిజమే. అన్ని పోర్ట్‌లలోకీ ఓడ తప్పినా తట్టుకోగలిగేది హిలో ఒక్కటే. మిగతా చోట్ల తర్వాతి దీవికి విమానం ఎక్కాలి. కోనాలో తప్పితే కవాయికి ఎగరాలి. అప్పుడు పాస్‌పోర్ట్‌లు లేకపోతే అసలు కష్టం అదీ.

అమ్మ చెంచా కింద పెట్టేసింది. "ఈ సంగతి నీకు ముందే తెలుసా?"

"ఆ, షీట్‌లో ఉంది."

"మాకెందుకు చెప్పలేదే? అక్కడ కూర్చుని నా ప్రాణం పోయింది. దేశం కాని దేశంలో రాత్రికి ఎక్కడ పడుకుంటామో అనుకున్నా."

నా దగ్గర సమాధానం లేదు. నాకు భయం వేసింది గానీ అది పదిలో నాలుగు. ఆమెకి పదికి పది. ఆ తేడా అంతా నా ఫోన్‌లో, తొమ్మిదో ట్యాబ్‌లో ఉండిపోయింది. ఆఫీసులో ఎవరైనా రోల్‌బ్యాక్ ప్లాన్ టీమ్‌కి చెప్పకుండా రిలీజ్ చేస్తే నేనే ముందు గొడవపెట్టుకుంటా. ఇంట్లోవాళ్ల దగ్గర మాత్రం "నాకు తెలుసు కదా, చాలు" అనుకున్నా.

నాన్న తిట్టలేదు. పెరుగన్నం కలుపుకుంటూ చెప్పారు. "ఊళ్ల నుంచి వచ్చినవాళ్లు బస్టాండ్‌లో అడిగేవాళ్లు, ఆఖరి బస్సు ఎన్నింటికని. దాని టైమ్ చెప్పేవాణ్ని, దాని ముందు బస్సు టైమూ చెప్పేవాణ్ని. ముందుదానికి వెళ్లండి, ఆఖరిది లేదనుకోండి అనేవాణ్ని. అది వస్తే అదృష్టం, అంతే. లెక్కలోకి రాదు."

కోనా, కవాయి: నాన్న డ్యూటీ చార్ట్

కోనాలో ఓడ ఒడ్డుకి ఆనదు. సముద్రంలోనే లంగరు వేసి, చిన్న పడవల్లో జనాన్ని తీసుకెళ్తారు. వాటిని టెండర్ అంటారు. అల ఎక్కువగా ఉంటే ఆ స్టాపే రద్దు చేసే అవకాశం కూడా ఉంటుంది. అందుకే మీ ట్రిప్‌లో అన్నిటికన్నా ముఖ్యమైన దాన్ని టెండర్ ఉన్న పోర్ట్‌లో పెట్టుకోకండి. అమ్మ ఆ పడవ ఊగడం చూసి, "నా మోకాళ్లు దీనికి ఒప్పుకోవు, మీరెళ్లండి" అంది. నాన్న తనూ ఆగిపోయారు. నా షీట్‌లో ఆ రోజుకి ఏడు వరసలున్నాయి. అన్నీ కొట్టేసి ఒక్కదాన్నే దిగా. కోనాలో మంచి సంగతేంటంటే రేవు ఊరి మధ్యలోనే ఉంది, బండి అక్కర్లేదు. హవాయి దీవులన్నిటినీ ఒక్కటి చేసిన మొదటి కమెహమెహా రాజు చివరి రోజులు గడిపిన చోటు, 1838 నాటి హులిహే ప్యాలెస్, దానికి ఎదురుగా పాత రాతి చర్చి, అన్నీ నడిచే దూరమే. రెండు గంటలు తిరిగి, ఒక కాఫీ పొడి ప్యాకెట్ కొనుక్కుని వచ్చేశా. పైకి వచ్చేసరికి ఇద్దరూ డెక్ మీద కూర్చుని సముద్రం చూస్తూ ఎవరి పెళ్లి సంగతో మాట్లాడుకుంటున్నారు. నాది కాదు, అదృష్టం.

కవాయికి ప్లాన్ నాన్న వేశారు. ఓడ ఇచ్చిన లెటర్‌ప్యాడ్ కాగితం మీద, గీతలు కొట్టి, మూడు కాలమ్స్. "టైమ్", "చోటు", "రాకపోతే".

గురువారం వైమియా కాన్యన్. గంటకి పైనే డ్రైవ్, అది దూరం కాబట్టి ఓడవాళ్లు పెట్టిన టూర్‌లో వెళ్లాం. ఖర్చు ఎక్కువే. కానీ ఓడ తరఫున వెళ్లిన బస్సు ఆలస్యమైతే ఓడ ఆగుతుంది, మన సొంత కారు ఆలస్యమైతే ఆగదు. ఎర్రమట్టి, పచ్చదనం కలిసిన ఆ లోయ దగ్గర అమ్మ మొదటిసారి టైమెంతని అడగలేదు.

శుక్రవారం పొద్దున టాక్సీలో కవాయిలోని హిందూ మఠానికి వెళ్లాం. అక్కడి ఇరైవన్ శివాలయం రాళ్లని బెంగళూరు దగ్గర చేతులతో చెక్కి, ఓడల్లో ఇక్కడికి తెచ్చి పేర్చారు. 2023లో కుంభాభిషేకం జరిగింది. సందర్శకులకి ఉదయం 9 నుంచి 12 దాకానే, అదీ ముందే బుక్ చేసుకోవాలి. గురువారం ఓడ వచ్చేదే 10కి, దిగి వెళ్లేసరికి హడావుడి. అందుకే శుక్రవారానికి పెట్టారు నాన్న. కాగితంలో ఇలా ఉంది: "11:00 గుడి నుంచి బయటికి. టాక్సీ రాకపోతే: 11:15కి రెండో నంబర్. అదీ రాకపోతే: గుడివాళ్లని అడగాలి, ఇంకా రెండు గంటలుంది."

పసిఫిక్ మధ్యలో, అడవిలో, తెల్లటి రాతి గోపురం. నంది ముందు అమ్మ కాళ్లు చాపుకుని కూర్చుంది. హిలోలో కళ్లు మూసుకున్న మనిషే ఇక్కడా కళ్లు మూసుకుంది, కానీ పెదాలు వణకలేదు. 11 గంటలకి నాన్న వాచ్ చూసి లేచారు. టాక్సీ వచ్చింది. 11:45కల్లా ఓడలో ఉన్నాం. ఆ సాయంత్రం నాపలి తీరం పక్కగా ఓడ మెల్లగా వెళ్తుంటే, రోడ్డన్నదే లేని ఆ కొండల్ని ముగ్గురం రెయిలింగ్ పట్టుకుని చూశాం.

మీరు ప్లాన్ చేస్తుంటే

1. ముందు వీసా కాగితాలు, తర్వాత టికెట్. ఓడ ఏ దేశాల్లో ఆగుతుందో పూర్తిగా చదవండి.

2. ఓడ ఎక్కే ఊరికి ఒక రోజు ముందే చేరండి. విమానం ఆలస్యమైందని ఓడ ఆగదు.

3. ప్రతి పోర్ట్‌కీ తీసివేత లెక్క చేయండి. మిగిలిన టైమ్‌లో కూడా చివరి గంట లేదనుకోండి.

4. దూరంగా ఉన్నవాటికి ఓడ టూర్, దగ్గరవాటికి సొంత టాక్సీ. ముఖ్యమైనవి రాత్రి కూడా ఓడ ఉండే పోర్ట్‌లో పెట్టుకోండి.

5. దిగేటప్పుడు ఒక జిప్ బ్యాగ్‌లో పాస్‌పోర్ట్‌లు, రెండు రోజుల మందులు, చార్జర్, ఓడవాళ్లు రోజూ ఇచ్చే కాగితం మీదున్న పోర్ట్ ఫోన్ నంబర్.

6. ప్లాన్-బి అందరికీ నోటితో చెప్పండి. షీట్ లింక్ పంపితే చెప్పినట్టు కాదు.

అమ్మానాన్న తెనాలి వెళ్లి నెలైంది. మొన్న నాన్న ఫోన్ చేశారు, కాలనీలోవాళ్లు పన్నెండు మంది కలిసి రామేశ్వరం వెళ్తున్నారట, నన్ను ఒక షీట్ చేసివ్వమన్నారు. ఎన్ని ట్యాబ్‌లు కావాలని అడిగా.

"ఒక్కటి చాలు. మూడో కాలమ్ మాత్రం మర్చిపోకు."